లెదర్ కోరల్ తెచ్చుకుందామా: కుక్కగొడుగా, వేళ్ళా, చెట్టా?

లెదర్ కోరల్ అంటే ఉప్పునీటి ట్యాంకులో పెంచుకునే మెత్తటి పగడం, అందులో ఒక రకం టోడ్‌స్టూల్. మా ఇంటికి మొదటి టోడ్‌స్టూల్ వచ్చిన నాలుగో రోజున ముడుచుకుపోయింది. గొడుగు మీద గడ్డిలా ఊగే పాలిప్స్ (కోరల్ ఒంటి మీద టెంటకిల్స్‌తో ఉండే చిన్న చిన్న జీవులు) అన్నీ లోపలికి పోయాయి. పైన మైనం పూసినట్టు ఒక మెరుపు మాత్రం మిగిలింది. ఐదో రోజూ అంతే, ఆరో రోజూ అంతే. "చచ్చిపోయినట్టుంది రా, కంపు కొట్టకముందే తీసి పారెయ్" అంది అమ్మ. నేను రోజుకి రెండుసార్లు ఉప్పు, అమ్మోనియా టెస్టులు చేసుకుంటూ టెన్షన్ పడుతున్నాను. పదో రోజు పొద్దున్న చూస్తే, చల్లారిన పాల మీద మీగడ కదిలినట్టు, గొడుగు అంచు నుంచి పల్చటి పొర ఒకటి లేచి నీళ్ళలో రెపరెపలాడుతోంది. సాయంత్రానికి ఊడిపోయింది. మర్నాడు పాలిప్స్ మళ్ళీ బయటికి వచ్చాయి, ఇంతకుముందు కంటే పొడుగ్గా.

లెదర్ కోరల్స్ ఇలా ఒళ్ళు కడుక్కుంటాయి. పైన పట్టిన నాచు, మడ్డి అంతా ఆ పొరతో పాటు వదిలించుకుంటాయి. తెలియక ఈ దశలోనే బతికున్న కోరల్‌ని చెత్తబుట్టలో వేసినవాళ్ళు ఉన్నారు.

షాపులో ఏది చూపించినా "ఈజీ కోరల్ సార్" అంటారు. అబద్ధమేమీ కాదు, చాలావరకు బతుకుతాయి. అందుకే ఏది బతుకుతుందని అడగడం కంటే, రెండేళ్ళ తర్వాత ఇది ఎంత చోటు తింటుంది, పక్కనున్నవాటిని ఏం చేస్తుంది అని అడగడం నయం. నేను పోల్చేది ముఖ్యంగా ఆ రెంటినీ బట్టే.

## ముందు చూసుకోవాల్సినవి

సైజు. షాపులో రెండు అంగుళాల ముక్కగా కనిపించే టోడ్‌స్టూల్ ఇంటి ట్యాంకులో అడుగు వెడల్పు దాటడం మామూలే. అంత గొడుగు కింద నీడ పడుతుంది, ఆ నీడలో కాంతి కావలసిన మరో కోరల్ బతకదు. నలభై లీటర్ల నానో ట్యాంకుకి ఇది మర్రిచెట్టుని కుండీలో నాటడమే.

విషం. ఈ జీవులకి గట్టి ఎముక లేదు, పారిపోవడానికి కాళ్ళు లేవు. కాబట్టి కాపాడుకునేది చాలావరకు రసాయనాలతోనే. టెర్పీన్లు అనే పదార్థాల్ని ఒంట్లో తయారుచేసుకుంటాయి, కొన్నిటిని నీళ్ళలోకి వదులుతాయి. 1974లో ఎర్రసముద్రపు సార్కోఫైటన్ (టోడ్‌స్టూల్ శాస్త్రీయ నామం) నుంచి వేరుచేసిన సార్కోఫైన్ అలాంటిదే. 1983లో సమార్కో, కోల్ అనే పరిశోధకులు, వాళ్ళ సహచరులు ఆస్ట్రేలియా పగడపు దిబ్బల మీద చేసిన పనిని ప్రచురించారు. మెత్తటి కోరల్స్‌ని గట్టి కోరల్స్ పక్కకి మార్చి చూస్తే, కొన్ని జతల్లో ఒకదాన్నొకటి తాకకుండానే గట్టి కోరల్ దెబ్బతింది. అది సముద్రంలో సంగతి, అక్కడ అల వచ్చి కొట్టుకుపోతుంది. 150 లీటర్ల గాజు తొట్టిలో ఆ విషం ఎక్కడికి పోతుంది? అందుకే లెదర్ కోరల్ ఉన్న ట్యాంకులో యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్ళలోని రసాయనాల్ని పీల్చుకునే బొగ్గు) ఎప్పుడూ ఉండాలి. మూడు నాలుగు వారాలకోసారి మార్చాలి. స్కిమ్మర్ (నురగతో మురికిని బయటికి తీసే పరికరం) ఉంటే ఇంకా మంచిది, వారానికి పది శాతం నీళ్ళు మార్చడం మాత్రం తప్పదు.

వేడి. ఇవి 24 నుంచి 27 డిగ్రీల మధ్య సుఖంగా ఉంటాయి. మే నెలలో మన ఇళ్ళలో గదే 35 దాటుతుంది. నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే హైదరాబాద్ పొడిగాలిలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అదే ఫ్యాన్ విశాఖలో, కాకినాడలో ఉక్కపోత రోజుల్లో అంతగా పనిచేయదు, ఎందుకంటే గాలిలో తేమ ఎక్కువైతే నీళ్ళు ఆవిరి కావు. కోస్తాలో ఉన్నవాళ్ళు చిల్లర్ (నీళ్ళని చల్లబరిచే యంత్రం) ఖర్చు మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. ఫ్యాన్ పెట్టినవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉంటుంది. తగ్గినంతా ఉప్పు కలపని శుద్ధమైన నీళ్ళతోనే నింపాలి, ఉప్పునీళ్ళతో కాదు.

నీళ్ళు. బోరు నీళ్ళు వద్దు, కార్పొరేషన్ నీళ్ళు వద్దు, ఆర్‌ఓ తర్వాత డీఐ (మిగిలిన లవణాల్ని తీసే ఫిల్టర్) కూడా దాటి టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల కొలత, సున్నాకి వచ్చిన నీళ్ళు కావాలి. వంటింటి ప్యూరిఫైయర్‌లో తరచుగా రుచి కోసం కొంత పచ్చి నీళ్ళు మళ్ళీ కలుపుతారు. ఇంకా ప్రమాదం, ఈ మధ్య అందరి ఇళ్ళలో కనిపిస్తున్న రాగి కలిపే మోడల్. మనిషికి మంచిదని అమ్ముతారు, కోరల్స్‌కీ రొయ్యలకీ మాత్రం రాగి విషం. నేను ఒక వేసవిలో డీఐ కాట్రిడ్జ్ అయిపోయిందని పక్కింటి వాళ్ళ ప్యూరిఫైయర్ నుంచి రెండు బిందెలు తెచ్చి పోశాను. క్లీనర్ రొయ్య రెండో రోజుకి పోయింది. సినులేరియా (ఫింగర్ లెదర్) మూడు వారాలు తెరుచుకోలేదు. ఆ ప్యూరిఫైయర్ ముందు భాగంలో రాగి చెంబు బొమ్మ ఉందని తర్వాత చూశాను.

"మాది వైజాగ్, సముద్రం పక్కనే ఉంది కదా" అనేవాళ్ళకి ఒక మాట. వానాకాలం తర్వాత గంగ, మహానది లాంటి నదుల నీళ్ళు తీరం వెంట దక్షిణానికి దిగుతాయి. అక్టోబర్‌లో బీచ్ నీళ్ళ ఉప్పదనం ట్యాంకుకి కావలసినదానికంటే బాగా తక్కువ ఉంటుంది. నగరపు డ్రైనేజీ సంగతి సరేసరి. ఉప్పు పొడి కొని కలుపుకోవడమే నిశ్చింత: స్పెసిఫిక్ గ్రావిటీ (ఉప్పదనాన్ని చెప్పే సాంద్రత కొలత) 1.025.

మిగతావి సులువు. ఆల్కలినిటీ 8 నుంచి 10 డీకేహెచ్, కాల్షియం 400 పీపీఎం దరిదాపుల్లో. వీటి ఒంట్లో సున్నపు సూదులు తప్ప ఎముక లేదు కాబట్టి డోసింగ్ (వీటిని విడిగా కొలిచి పోయడం) అక్కర్లేదు, నీళ్ళు మార్చడమే చాలు. నైట్రేట్ 5 నుంచి 20 పీపీఎం, ఫాస్ఫేట్ 0.1 పీపీఎం లోపు. ఈ రెంటినీ సున్నా చేయాలని పట్టుదలకి పోకండి. మరీ శుభ్రమైన నీళ్ళలో లెదర్ కోరల్స్ పాలిపోయి చిక్కిపోతాయి. తిండి కూడా పెట్టనక్కర్లేదు, వాటి ఒంట్లో ఉండే సూక్ష్మ ఆల్గే కాంతితో వండిపెడుతుంది.

## ఒక్కచూపులో

| రకం | పెరుగుదల | కాంతి, సుమారు పార్ (ఆల్గే వాడుకోగల కాంతి కొలత) | నీటి కదలిక | పక్కవాటికి ముప్పు | ముక్క చేయడం |
|---|---|---|---|---|---|
| టోడ్‌స్టూల్ (సార్కోఫైటన్) | అడుగు, ఆపైన | 75–150 | మధ్యస్థం | ఎక్కువ | సులువు |
| ఫింగర్ లెదర్ (సినులేరియా) | పొడుగ్గా, గుబురుగా | 75–150 | మధ్యస్థం నుంచి ఎక్కువ | ఎక్కువ | చాలా సులువు |
| డెవిల్స్ హ్యాండ్ (లోబోఫైటం) | పొట్టిగా, పక్కలకి | 100–200 | మధ్యస్థం నుంచి ఎక్కువ | ఎక్కువ | సులువు |
| కోల్ట్ కోరల్ (క్లాడియెల్లా) | వేగంగా, గుబురుగా | 50–120 | మధ్యస్థం | మధ్యస్థం | జిగురు వల్ల కష్టం |
| కెన్యా ట్రీ (క్యాప్నెల్లా) | చిన్న చెట్లు, లెక్కలేనన్ని | 50–120 | తక్కువ నుంచి మధ్యస్థం | చోటు ఆక్రమణ | మీరు చేయక్కర్లేదు |
| ఎల్లో ఫిజీ (సార్కోఫైటన్ ఎలిగన్స్) | నెమ్మది | 150–250 | ఎక్కువ | మధ్యస్థం | జాగ్రత్తగా |

పార్ మీటర్ అందరి దగ్గరా ఉండదు. లేకపోతే కోరల్‌నే మీటర్ అనుకోండి. కాడ సాగిపోయి మెడ ఎత్తి చూస్తున్నట్టుంటే కాంతి చాలడం లేదు. రంగు పాలిపోయి కుంచించుకుపోతే కాంతి ఎక్కువైంది. కొత్తది ఏదైనా మొదట కిందే పెట్టి, రెండు మూడు వారాల్లో పైకి జరపాలి.

## టోడ్‌స్టూల్

ఇంగ్లీషులో దాని పేరుకి మన మాట కుక్కగొడుగు, చూడ్డానికీ అలాగే ఉంటుంది. నున్నటి ఒక్క కాడ, పైన మడతలు పడ్డ గొడుగు. పాలిప్స్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ట్యాంకులో ఇంకో వస్తువు మీదికి కన్ను పోదు. లేత ఆకుపచ్చ పాలిప్స్ ఉన్న రకం నీలి లైట్ల కింద మెరుస్తుంది, ధరా అందుకు తగ్గట్టే. గోధుమ రంగుది చవక, మొండిది. మొదటిసారి కొనేవాళ్ళు గోధుమ రంగుదే తీసుకోండి.

ఎనిమోన్ (క్లౌన్ ఫిష్ సముద్రంలో ఇల్లు చేసుకునే జీవి) పెట్టే స్తోమత లేని ట్యాంకులో క్లౌన్ ఫిష్ జంట చాలాసార్లు టోడ్‌స్టూల్‌నే ఇల్లు చేసుకుంటుంది. చూడ్డానికి ముచ్చటే. కోరల్ ఇంకా చిన్నగా ఉన్నప్పుడు మాత్రం అవి రోజంతా ఒళ్ళు రుద్దుతుంటే అది తెరుచుకోదు. గొడుగు అరచేయంత అయ్యేదాకా చేపని తేకపోవడమే మేలు.

పొర వదిలే దశ దీనికి ఎక్కువ, కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా ఉండొచ్చు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే: వేవ్‌మేకర్ (నీళ్ళని కదిలించే పంపు) నీటివాలు తగిలేలా చూడటం. నేరుగా ఒకే చోట కొట్టకూడదు, అటూఇటూ ఊగేలా తగలాలి. పొర సగం ఊడి వేలాడుతుంటే సూది తీసేసిన పెద్ద సిరంజితో మెల్లగా నీళ్ళు కొట్టండి, గోకొద్దు. కుళ్ళుకీ దీనికీ తేడా ముక్కుకి తెలుస్తుంది. పొర వదులుతున్నది వాసన రాదు, కాడ గట్టిగానే ఉంటుంది. కుళ్ళుతున్నదాని మొదట్లో నల్లగానో గోధుమగానో మెత్తబడి, వేలు పెడితే జారిపోతుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆరోగ్యంగా ఉన్న భాగం దాకా కోసేయాలి.

## ఫింగర్ లెదర్

నా ఓటు చాలామందికి దీనికే. సినులేరియా పేరుతో వర్ణించిన జాతులు వందకు పైగా ఉన్నాయి. వేళ్ళలా కొమ్మలు వేసేవి, క్యాబేజీ ఆకులా మడతలు పడేవి, షాపులో అన్నిటికీ ఒకటే పేరు. పాలిప్స్ చిన్నవి, టోడ్‌స్టూల్ అంత ఠీవి ఉండదు. కానీ పొర వదలడం తక్కువ, కొమ్మ కోస్తే మళ్ళీ వేస్తుంది, ఎక్కువైతే కత్తిరించి సైజు అదుపులో పెట్టుకోవచ్చు. గొడుగుని అలా చుట్టూ కత్తిరించి అందంగా ఉంచడం కుదరదు.

భూతద్దం ఉంటే షాపులో ఒక సరదా పరీక్ష చేయొచ్చు. టోడ్‌స్టూల్, డెవిల్స్ హ్యాండ్ ఉపరితలం మీద రెండు రకాల పాలిప్స్ కనిపిస్తాయి: టెంటకిల్స్‌తో బయటికి వచ్చేవి, వాటి మధ్య చుక్కల్లా ఉండిపోయే చిన్నవి. సినులేరియాలో ఆ చుక్కలుండవు. పేరు తప్పు చెప్పి అమ్మితే మీకే తెలిసిపోతుంది. సముద్రంలో సినులేరియా మొదలు దగ్గర సున్నపు సూదులు ఒకదానికొకటి అతుక్కుని రాయిలా మారతాయి. మెత్తటి కోరల్ కూడా దిబ్బ కడుతుందన్నమాట.

ముప్పు విషయంలో మాత్రం ఇది టోడ్‌స్టూల్‌కి తీసిపోదు. చూడ్డానికి సాధువులా ఉంటుంది, అంతే.

## డెవిల్స్ హ్యాండ్

రాతి మీద పరుచుకున్న మందపాటి దిమ్మె, దాని మీద వేళ్ళలా, గట్లలా లేచిన ముద్దలు. కాడ పొట్టిగా ఉండి అసలు ఉందా లేదా అన్నట్టుంటుంది కాబట్టి అలల ధాటికి వంగదు, పైకి పెరిగి నీడ వేయదు. లోతు తక్కువ ట్యాంకుకి బాగుంటుంది. పక్కలకి మాత్రం పాకుతుంది. విడిగా ఒక రాయి మీద పెట్టి, ఆ రాయి చుట్టూ జానెడు ఇసుక వదిలితే గొడవ లేదు. అందం అంటే నాకైతే ఇందులో అంతగా కనిపించదు, గట్టితనం మాత్రం మెచ్చుకోవాల్సిందే.

## కోల్ట్, కెన్యా ట్రీ

కోల్ట్ ఊగుతుంటే మెత్తగా, పిల్లి బొచ్చులా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే బెండకాయ జిగురు. కోస్తే కుప్పకూలుతుంది, దేనికీ అతుక్కోదు. ముక్కలు చేసి స్నేహితులకి పంచాలనుకునేవాళ్ళకి పనికిరాదు.

కెన్యా ట్రీని కచ్చితంగా మాట్లాడితే లెదర్ అనకూడదు, కానీ షాపులో ఆ వరసలోనే ఉంటుంది. తప్పులన్నీ క్షమిస్తుంది. కాంతి తక్కువైనా, నైట్రేట్ పెరిగినా, పవర్ పోయినా బతుకుతుంది. తర్వాత అసలు కథ మొదలవుతుంది. కొమ్మల్ని తనంతట తానే రాల్చేస్తుంది, ప్రతి కొమ్మా ఎక్కడ పడితే అక్కడ వేళ్ళూనుకుంటుంది. ఏడాది తర్వాత మీరు కోరల్ పెంచడం మానేసి కలుపు తీస్తుంటారు. విడి ట్యాంకు ఉంటే సరే, మిగతావాటితో కలిపి పెట్టాలంటే నేను వద్దంటాను.

## ఎల్లో ఫిజీ

నిమ్మపండు పసుపు. ఫోటో చూసి మనసు పారేసుకుంటారు. సార్కోఫైటనే అయినా స్వభావం వేరు: కాంతి ఎక్కువ కావాలి, ప్రయాణం పడదు, మొదలు దగ్గర కుళ్ళు తొందరగా పడుతుంది. ట్యాంకుకి ఏడాది నిండాక, అదీ మరొకరి ట్యాంకులో పెరిగిన ముక్క దొరికితేనే తీసుకోండి. నేరుగా సముద్రం నుంచి వచ్చినదైతే ఎంత చవకైనా అక్కడే వదిలేయండి.

## మరి మీకేది?

మొదటి రీఫ్ ట్యాంకు, వంద నుంచి రెండు వందల లీటర్లు, మెత్తటి కోరల్స్ మాత్రమే అనుకునేవాళ్ళకి ఫింగర్ లెదర్ ఒకటి. ఆరు నెలలు ఆగి గోధుమ రంగు టోడ్‌స్టూల్, ట్యాంకు రెండో చివర. మధ్యలో చోటు ఖాళీగా కనిపిస్తుంది, నింపకండి.

అరవై లీటర్ల లోపు నానో అయితే నిజాయితీగా చెప్పాలంటే వీటిలో ఏదీ సరిపోదు. జొయాంతిడ్స్, మష్రూమ్స్ అనే చిన్న కోరల్స్ పెట్టుకోండి. అయినా లెదర్ కావాలంటే ఒకే ఒక్క ఫింగర్ ముక్క పెట్టి, మూడు నెలలకోసారి కత్తిరించండి.

కరెంటు కోతల ఊళ్ళో ఉన్నవాళ్ళు టోడ్‌స్టూల్, ఫింగర్ రెంటినీ ధైర్యంగా పెట్టొచ్చు. కానీ వేవ్‌మేకర్‌ని ఇన్వర్టర్ మీద వేయండి, దానికి కావలసింది కొద్ది వాట్లే. ఒక పూట లైటు పోతే కోరల్‌కి అదొక లెక్క కాదు. నీళ్ళు కదలకపోతే ఆక్సిజన్ పడిపోయి ముందు చేపలు పోతాయి, ఆ చచ్చిన చేపల అమ్మోనియాతో కోరల్స్ పోతాయి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి అక్రోపోరా లాంటి గట్టి కోరల్స్ కూడా పెంచే మనవాళ్ళకి నా సలహా మొహమాటం లేకుండా ఇది: ఒకే ట్యాంకులో కలపకండి. పెట్టి తీరాలంటే ఒక్క లెదర్ చాలు, అదీ నీటి వాలుకి దిగువన, కార్బన్ రియాక్టర్‌తో (కార్బన్ గుండా నీళ్ళు పంపే పరికరం). గట్టి కోరల్ కారణం లేకుండా కొనల దగ్గర తెల్లబడుతుంటే మొదటి అనుమానం లెదర్ మీదే పెట్టండి.

ఇండియాలో ఆ ప్రశ్నే వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లోకి (అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితా) గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్, సీ ఫ్యాన్స్ 2001లో చేరాయి. లెదర్ కోరల్స్ ఆ వరసలో లేవు, ఇక్కడి ట్యాంకుల్లో ఇవే ఎక్కువ కనిపించడానికి అదీ ఒక కారణం. లైవ్ రాక్ అని అమ్మే చచ్చిన పగడపు రాళ్ళు మాత్రం గట్టి పగడాలవే కాబట్టి వాటి జోలికి పోకుండా సిరామిక్ రాళ్ళు వాడండి. రామేశ్వరం వెళ్ళినప్పుడు నీళ్ళలో టోడ్‌స్టూల్ కనిపించిందని తెంపుకొచ్చే ఆలోచన అసలు వద్దు. మన్నార్ సింధుశాఖ దీవుల చుట్టూ 1986 నుంచి మెరైన్ నేషనల్ పార్క్ ఉంది. షాపులో కొన్నా బిల్లు అడిగి దాచుకోండి.

## కొనేటప్పుడు, కోసేటప్పుడు

షాపుకి వచ్చి రెండు వారాలైనా కాని ముక్క కొనకండి. మొదలు చుట్టూ చూడండి, మెత్తటి మచ్చ ఉంటే వద్దు. కింద దాక్కున్న పురుగుల కోసం తిప్పి చూడండి. గుడ్డులా తెల్లటి గవ్వ ఒకటి, నల్లటి ఒంటితో, పట్టుకుని ఉంటే చూడ్డానికి ముద్దొస్తుంది. ఓవులా ఓవమ్ అంటారు. దాని తిండే లెదర్ కోరల్. ఇంటికి తెచ్చాక అయోడిన్ డిప్ వేసి, బ్యాగు నీళ్ళు పారబోసి, కోరల్ మాత్రమే ట్యాంకులోకి.

పెద్దదైన టోడ్‌స్టూల్‌ని కోయడానికి భయపడక్కర్లేదు. ట్యాంకు నీళ్ళు పోసిన విడి బేసిన్‌లో, కొత్త సర్జికల్ బ్లేడుతో, గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని కోయండి. రసం కంట్లో పడితే మంట. ముక్కని సూపర్ గ్లూతో అంటించాలని చూడకండి, దాని ఒంటి జిగురుకి గంటలో ఊడిపోతుంది. టూత్‌పిక్ గుచ్చి చిన్న రాయికి రబ్బరు బ్యాండుతో కట్టండి. లేదా చిన్న రాళ్ళు పరిచిన గాజు గిన్నెలో వేసి, పైన దోమతెర ముక్క కట్టి, నీటి కదలిక తక్కువున్న మూలన పెట్టండి. రెండు మూడు వారాల్లో తానే రాయిని పట్టుకుంటుంది. కోసిన రోజు కార్బన్ కొత్తది వేయాలి. గొడుగు పోయి మొండిగా మిగిలిన కాడని అసహ్యంగా ఉందని పీకేయకండి. వారం పది రోజుల్లో గాయం మూసుకుంటుంది, తర్వాత అంచు చుట్టూ సన్నటి పాలిప్స్ మొలుస్తాయి, కొన్ని నెలలకి దాని మీదే కొత్త గొడుగు విచ్చుకుంటుంది.